మూడు పేర్ల ఊరు

ఒకే ఊరికి రెండు మూడు పేర్లుండటం ఈ పత్రిక పాఠకులకు కొత్త సంగతి కాదు. మనం బరంపురం అన్నదాన్ని ఒరియావాళ్లు బ్రహ్మపుర అంటారు. మనకు పర్లాకిమిడి అయినది సర్కారు కాగితాల్లో పరలాఖెముండి. మా హొసూరు పేరు కన్నడంలో 'కొత్త ఊరు' అని అర్థమిస్తుంది. తమిళంలోకి వెళ్లేసరికి 'హ' రాలిపోయి ఓసూరు అవుతుంది. బస్సుమీద ఏ పేరు రాసినా ఎక్కేవాళ్లం, దిగేవాళ్లం మనమే కాబట్టి దాని గురించి పెద్దగా ఆలోచించం. అయితే ఒక దేశపు రాజధానికే మూడు పేర్లుండి, ఆ మూడు పేర్లవాళ్లూ ఒకరి తర్వాత ఒకరు ఆ ఊరు తమదేనన్న చోటు ఒకటుంది. దాన్ని 2023 సెప్టెంబరులో ఒక పూటంతా నడిచి చూసి వచ్చాను. అప్పటినుంచి నాకు మన ఊళ్ల పేర్లు కూడా కొంచెం వేరుగా వినిపిస్తున్నాయి.

ఆ ఊరు బ్రాతిస్లావా, స్లోవాకియా రాజధాని. 1993 జనవరి 1న చెకోస్లోవాకియా రెండుగా విడిపోయినప్పుడు ఏర్పడ్డ దేశం అది. జర్మన్‌వాళ్లు ఈ ఊరిని ప్రెస్‌బుర్గ్ అంటారు, హంగేరీవాళ్లు పొజోన్ అంటారు. స్లోవాక్‌లు కూడా ఒకప్పుడు ప్రెష్‌పొరోక్ అనే అనేవారట. బ్రాతిస్లావా అన్న పేరు 1919లో ఖాయమైంది. అంటే వెయ్యేళ్ల చరిత్ర గల ఊరికి ఇప్పుడున్న పేరు వయసు నూరేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా వియన్నాలో ఉంటాడు. అక్కడికీ బ్రాతిస్లావాకూ అరవై కిలోమీటర్లు, రైల్లో గంట ప్రయాణం. మా హొసూరునుంచి బెంగుళూరుకు వెళ్లినట్టే అనుకోవచ్చు, మధ్యలో దేశం మారుతుంది, అంతే. ఆ మారడం కూడా ఇప్పుడు తెలియదు. 2007 డిసెంబరులో సరిహద్దు తనిఖీలు ఎత్తేశారు, 2009నుంచి నాణెం కూడా యూరోనే. 1989 వరకు ఇదే సరిహద్దులో ముళ్లకంచె, తుపాకీ కావలి ఉండేవని చెబితే మా మనవరాలు నమ్మలేదు. తొమ్మిదేళ్ల పిల్ల. సెలవు రోజు కనక తాతతో బయలుదేరింది.

గుంపుతో పాటు గొడుగు వెనకాల నడిచే యాత్ర నాకు పడదు. అందుకని మా అబ్బాయి ఒక స్థానిక గైడును మాకోసమే మాట్లాడిపెట్టాడు. స్టేషను బయట నిలబడి ఉన్నావిడ డెబ్బై ఏళ్లకు దగ్గరలో ఉన్న మనిషి. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయిన పంతులమ్మ. మెడలో గైడు లైసెన్సు బిళ్ల, చేతిలో మడత గొడుగు, కాళ్లకు గట్టి బూట్లు. "మూడు గంటలు నడుస్తారా?" అని ముందు నా మోకాళ్లకేసి చూసి అడిగింది. నడుస్తానన్నాను. ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఆవిడ చెప్పిన కొన్ని మాటలు ఇంట్లోవాళ్ల గురించి కాబట్టి రాయకపోవడమే మర్యాద.

మొదటి పావుగంటలోనే తెలిసింది, ఆవిడ స్లోవాక్ కాదు. స్లోవాకియాలో పుట్టి పెరిగిన హంగేరియన్. 2021 జనాభా లెక్కల్లో ఆ దేశంలో అలాంటివాళ్లు 4 లక్షల 22 వేలమంది, నూటికి ఎనిమిదికి కొంచెం తక్కువ. 1991లో 5 లక్షల 67 వేలుండేవారు. "మేము ఎక్కడినుంచీ రాలేదు. మా తాతముత్తాతలు ఉన్నచోటే ఉన్నారు. సరిహద్దు వాళ్లమీదుగా నడిచి వెళ్లింది," అంది. నేను ఆగి ఆవిడకేసి చూశాను. ఆ మాట తెలుగులో మా నాన్నగారి నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 1956లో రాష్ట్రాలు గీసినప్పుడు మా తాలూకా ఎటు పోతుందన్న చర్చ మా ఇంటి అరుగుమీద జరిగిందని చెప్పేవారాయన.

*

పాత ఊరు చిన్నది. మిహాయిల్ ద్వారంనుంచి డాన్యూబ్ నది ఒడ్డుదాకా పది పన్నెండు నిమిషాల నడక. అయితే ఆవిడతో నడిస్తే పది అడుగులకొకసారి ఆగాలి. రాళ్లు పరిచిన వీధిలో అక్కడక్కడ ఇత్తడి కిరీటం గుర్తులు పొదిగి ఉన్నాయి. అవి పట్టాభిషేకపు ఊరేగింపు నడిచిన దారిని చూపిస్తాయి. పట్టాభిషేకం స్లోవాక్ రాజులకు కాదు, హంగేరీ రాజులకు.

ఈ ముడి విప్పాలంటే కొంచెం చరిత్ర చెప్పక తప్పదు. 1526లో మొహాచ్ యుద్ధంలో హంగేరీ తురుష్కుల చేతిలో ఓడింది. 1541లో రాజధాని బుడా కూడా తురుష్కుల వశమైంది. అప్పటికే, 1536నుంచీ, మిగిలిన హంగేరీకి ఈ పొజోన్ రాజధాని. 1783దాకా, అంటే దాదాపు రెండున్నర వందల ఏళ్లు, అలాగే ఉంది. 1563నుంచి 1830దాకా పదకొండు మంది ఏలికలకు ఇక్కడి సెయింట్ మార్టిన్ చర్చిలో కిరీటం పెట్టారు. వాళ్లలో 1741లో కిరీటం ధరించిన మరియా తెరీసా ఒకతె. చర్చి గోపురం కొసన శిలువకు బదులు బంగారు పూతతో హంగేరీ కిరీటం ప్రతిమ ఉంటుంది. స్లోవాకియా రాజధానిలో ఎత్తయిన చోట ఇప్పటికీ హంగేరీ కిరీటమే మెరుస్తోంది.

ఆ చర్చి గోడలకు దాదాపు ఆనుకుని ఒక పెద్ద రోడ్డు పోతుంది. 1972లో పూర్తయిన కొత్త వంతెనకు దారి అది. వంతెన స్తంభాల మీద ఎగిరే పళ్లెంలా ఒక హోటలు కట్టారు. మా మనవరాలికి ఊరంతటిలో నచ్చింది అదే. ఆ దారికోసం యూదుల పేటలో చాలా భాగం పడగొట్టారు. చర్చి పక్కనే ఉండిన యూదుల ప్రార్థనాలయాన్ని 1969లో కూల్చారు. ఇప్పుడు ఆ స్థలంలో ఒక నల్లరాతి గోడమీద దాని బొమ్మ గీసి ఉంది. యుద్ధానికి ముందు ఈ ఊళ్లో యూదులు పదిహేనువేలమంది దాకా ఉండేవారు. 1942లో స్లోవాకియానుంచి దాదాపు 58 వేలమంది యూదులను రైళ్లకెక్కించి పంపారు. వాళ్లలో తిరిగివచ్చినవాళ్లు బహు తక్కువ. ఆవిడ ఇక్కడ ఎక్కువ మాట్లాడలేదు. "ఈ ఊరికి మూడు పేర్లంటారు. నాలుగోభాష కూడా ఉండేది. దాన్ని మాట్లాడేవాళ్లు లేరు కాబట్టి లెక్కపెట్టరు," అని మాత్రం అంది.

1910 జనాభా లెక్కల ప్రకారం ఈ ఊళ్లో జర్మన్ మాట్లాడేవాళ్లు నూటికి 42, హంగేరియన్ 41, స్లోవాక్ 15. అంగట్లో ఒక భాష, కచ్చేరీలో ఒక భాష, పనిమనిషితో ఒక భాష. మూడూ రానివాడు ప్రెస్‌బుర్గ్‌వాడు కాడని సామెతలా చెప్పుకునేవారట. గైడమ్మ వాళ్ల అమ్మమ్మ ఒకే వాక్యంలో మూడు భాషలూ కలిపి తిట్టేదట. మా ఊరి సంత జ్ఞాపకం వచ్చింది. బేరం తమిళంలో మొదలై, కన్నడంలో సాగి, తెగేచోట తెలుగులో తెగుతుంది. ఇదేమీ పాండిత్యం కాదు, పొద్దు గడవడానికి కావలసిన తెలివి.

ఇప్పుడు ఆ ఊళ్లో హంగేరియన్‌లు నూటికి అయిదుగురు కూడా లేరు. జర్మన్‌లు నూటికి ఒకరైనా లేరు. నూరేళ్లలో ఒక ఊరి నాలుక ఇంతగా మారిపోగలదు.

*

నది ఒడ్డున ఒక మైదానంలో ఒక విగ్రహాల గుంపు ఉంది. మధ్యలో నిలబడ్డ మనిషి ల్యూదోవిట్ ష్టూర్. స్లోవాక్ సాహిత్యభాషను నిలబెట్టినవాడు. 1843లో ఆయనా, ఇద్దరు మిత్రులూ కలిసి, మధ్య స్లోవాకియా పలుకుబడిని ఆధారం చేసుకుని రాతభాష తయారు చేయాలని తీర్మానించారు. మనకు గిడుగు రామమూర్తిగారు ఎలాగో వాళ్లకు ష్టూర్ అలాగ అనుకోవచ్చు, పూర్తిగా ఒకటి కాకపోయినా. గిడుగువారు కూడా పర్లాకిమిడిలో ఒరియా, సవర భాషల నడుమ పనిచేసిన మనిషే కదా.

"ఈ విగ్రహం 1972లో పెట్టారు. అంతకుముందు ఇక్కడ ఎవరుండేవారో తెలుసా?" అని గైడమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. 1897లో హంగేరీవాళ్లు గుర్రంమీద మరియా తెరీసా పాలరాతి విగ్రహం నిలబెట్టారు. కొత్త చెకోస్లోవాకియా వచ్చాక 1921లో సైనికులు దాన్ని ముక్కలు చేశారు. 1938లో చెకోస్లోవాకియా స్థాపకుల్లో ఒకడైన ష్టెఫానిక్ విగ్రహం వచ్చింది. కమ్యూనిస్టు ప్రభుత్వం దాన్ని తీసేయించింది. ఆ తర్వాతే ష్టూర్. "నేల అదే. మనుషులు మాత్రం మారుతుంటారు," అంది.

నేను ఉండబట్టలేక అడిగాను. "అమ్మా, మీరు హంగేరియన్. ఈ ష్టూర్ మీవాళ్ల పెత్తనానికి ఎదురు నిలిచినవాడు. మీ దగ్గరికి బుడాపెస్ట్‌నుంచీ యాత్రికులు వస్తారు, స్లోవాక్ బడిపిల్లలూ వస్తారు. ఒకళ్లకు ఒక కథ, ఇంకొకళ్లకు ఇంకొక కథ చెబుతారా?"

ఆవిడ నొచ్చుకోలేదు. ఈ ప్రశ్న అలవాటే అన్నట్టు నవ్వింది. "క్రమం మారుస్తాను, విషయం మార్చను," అంది. బుడాపెస్ట్‌నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు, పోగొట్టుకున్న తమ రాజధానిని చూసి కళ్లు తుడుచుకోవడానికి వస్తారు. వాళ్లకు ఆవిడ ముందు ష్టూర్ దగ్గరే మొదలుపెడుతుంది. 1875లో స్లోవాక్‌ల సాంస్కృతిక సంస్థ 'మాతిత్సా'ను హంగేరీ ప్రభుత్వం మూసేయించిన సంగతి, 1907లో అప్పోన్యీ మంత్రి తెచ్చిన చట్టంతో పల్లె బడుల్లో కూడా హంగేరియన్ తప్పనిసరి చేసిన సంగతి వాళ్లకు చెబుతుంది. స్లోవాక్ పిల్లలకు మాత్రం 1945 తర్వాతి సంగతులు చెబుతుంది. హంగేరియన్‌లకు పౌరసత్వం తీసేసిన సంగతి, బడులు మూసేసిన సంగతి, 1946-47 చలికాలంలో కుటుంబాలకు కుటుంబాలను పశువుల పెట్టెల్లో ఎక్కించి చెక్ దేశపు పొలాల్లో పనికి పంపిన సంగతి. అలా వెళ్లినవాళ్లలో ఆవిడ తల్లి ఒకతె, అప్పటికి పన్నెండేళ్లు. తిరిగి వచ్చేసరికి వాళ్ల ఇంట్లో వేరేవాళ్లున్నారు.

"ఎవరికైనా వాళ్లకు తెలియనిదే కదా చెప్పాలి? తెలిసింది చెప్పించుకోవడానికి గైడెందుకు, అద్దం చాలు," అంది పంతులమ్మ.

1946నుంచి 'తిరిగి స్లోవాక్‌లు కావడం' అన్న పథకం కింద మూడు లక్షలకు పైగా హంగేరియన్‌లు మేము స్లోవాక్‌లమే అని కాగితాలు రాసిచ్చారట. రాసిస్తే పౌరసత్వం, ఇల్లు, భూమి దక్కుతాయి. వాళ్ల నాన్న రాసిచ్చాడు, చిన్నాన్న రాయలేదు. చిన్నాన్నను హంగేరీకి పంపేశారు. 1948 అక్టోబరులో పౌరసత్వాలు తిరిగి ఇచ్చారు, బడులూ మెల్లగా తెరుచుకున్నాయి, అన్నదమ్ములు మాత్రం నదికి చెరో వైపూ ఉండిపోయారు. "మా నాన్నది పిరికితనమని చిన్నాన్న అనేవాడు. చిన్నాన్నది మొండితనమని మా నాన్న అనేవాడు. ఇద్దరూ ఉత్తరాలు మాత్రం హంగేరియన్‌లోనే రాసుకునేవారు."

ఆ దగ్గరలో ఇంకో చమత్కారం చెప్పింది. హంగేరీ మహాకవి పెటోఫీ పుట్టినప్పటి ఇంటిపేరు పెట్రోవిచ్, తల్లి స్లోవాక్. ఆయన విగ్రహం కూడా ఈ ఊళ్లో ఒక తోటలో ఉంది. ఇక్కడే పుట్టి, చదరంగం ఆడే యంత్రమని లోకాన్ని బోల్తా కొట్టించిన కెంపెలెన్ మాటలు పలికే యంత్రం కూడా నిజంగానే తయారుచేశాడు. ఆయన మావాడంటే మావాడని మూడు జాతులవాళ్లూ అంటారు. "ఆ యంత్రం ఏ భాషలో మాట్లాడేదో దాన్నే అడగాలి," అని నవ్వింది.

*

మధ్యాహ్నం ఒక చిన్న అంగట్లో కూర్చున్నాం. ఊరి ప్రసిద్ధ వంటకం బంగాళాదుంప పిండి ఉండల మీద గొర్రెపాల జున్ను వేసి ఇచ్చేది. పైన చల్లే పందిమాంసం ముక్కలు వద్దని ఆవిడే చెప్పి చేయించింది. ఆ తర్వాత వంకీ తిరిగిన చిన్న రొట్టెలు తెప్పించింది. లోపల గసగసాల పూర్ణమైతే గుర్రపు లాడం ఆకారం, అక్రోటు పూర్ణమైతే కొంచెం వేరే వంపు. కొరక్కముందే లోపల ఏముందో తెలిసిపోతుంది. దీనికీ మూడు పేర్లు. జర్మన్‌లో ప్రెస్‌బుర్గ్ బొయిగెల్, హంగేరియన్‌లో పొజోన్ కిఫ్లి, స్లోవాక్‌లో బ్రాతిస్లావా రొజోక్. మా ఇంట్లో ఓళిగలు, కన్నడం వారింట్లో ఒబ్బట్టు, తమిళంవారింట్లో పోళి అయినట్టు. పూర్ణం ఎవరింట్లోనైనా తీపే.

అక్కడ భాషల ప్రస్తావన వచ్చింది. హంగేరియన్‌కు చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేదు. స్లోవాక్, జర్మన్ రెండూ ఇండో-యూరోపియన్ భాషలు, ఇది కాదు. మాటకు వెనకాల ప్రత్యయాలు తగిలించుకుంటూ పోతుంది. ఇల్లు 'హాజ్', ఇంట్లో 'హాజ్‌బన్'. తోట 'కెర్ట్', తోటలో 'కెర్ట్‌బెన్'. మాటలోని అచ్చునుబట్టి 'బన్', 'బెన్' మారుతుంది. మన దగ్గర 'చెట్టుకు' అని, 'ఇంటికి' అని మారినట్టే అని చెబితే ఆవిడకు ఎంత సంబరమయిందో! కాల్డ్‌వెల్ దొర 1856లో ద్రావిడ భాషల వ్యాకరణం రాసినప్పుడు, మన భాషలకు హంగేరియన్, ఫిన్నిష్‌లాంటి భాషల కుటుంబంతో బంధుత్వం ఉండవచ్చునని ఊహించాడు. ఆ ఊహ తర్వాతి పండితుల దగ్గర నిలబడలేదు. అదీ చెప్పాను. వాళ్ల భాషలో తండ్రిని 'అపా' అంటారని వినగానే మా మనవరాలు "మన అప్పే!" అని గంతేసింది. "యాదృచ్ఛికం," అన్నారు పెద్దవాళ్లం ఇద్దరం ఒకేసారి.

అంతవరకు పిల్ల గైడమ్మతో జర్మన్‌లో మాట్లాడుతోంది. వియన్నా బడిలో నేర్చింది. ఒకప్పుడు ఈ వీధుల్లో అందరికన్నా ఎక్కువమంది మాట్లాడిన భాష, ఇప్పుడు హొసూరు తెలుగు పిల్ల నోట వినబడుతోందని ఆవిడ మురిసిపోయింది. అప్పుడు పిల్ల నావైపు తిరిగి, రహస్యం చెబుతున్నట్టు తెలుగులో, "తాతా, ఈమె ఇంట్లో ఏం మాట్లాడుతుంది?" అని అడిగింది.

ఏమందని ఆవిడ అడిగింది. చెప్పాను.

ఆవిడ కొంతసేపు కాఫీ కప్పు తిప్పుతూ కూర్చుంది. "మా ఆయన ఉన్నంతకాలం హంగేరియన్. ఇప్పుడు రేడియోతో హంగేరియన్, పక్కింటివాళ్లతో స్లోవాక్," అంది. కూతురు స్లోవాక్ కుర్రాణ్ణి చేసుకుంది. అల్లుడు మంచివాడు. మనవడికి తొమ్మిదేళ్లు, మా పిల్ల ఈడే. ఆవిడ హంగేరియన్‌లో అడిగినవన్నీ వాడికి అర్థమవుతాయి. జవాబు స్లోవాక్‌లో ఇస్తాడు. "వాడికి నా భాష చెవుల్లో ఉంది, నోట్లో లేదు. హంగేరియన్ బడికి పంపుదామన్నాను. మా అమ్మాయి వద్దంది. నన్ను పంపావు, విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం స్లోవాక్ రాక ఎంత ఏడ్చానో నీకు తెలియదా అంది. తెలుసు. అది అబద్ధం కాదు."

ఈ మాటకు నా దగ్గర సమాధానం లేదు. మా ప్రాంతంలో తెలుగు బడిలో చదివిన ప్రతి ఇంట్లోనూ ఈ వాదం ఉంది. తమిళనాట 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతినుంచి ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2015-16కు పదో తరగతిని చేరింది. అల్పసంఖ్యాకుల బడులు కోర్టుకెక్కాయి, మినహాయింపులు తెచ్చుకున్నాయి. అది హక్కుల మాట. కోర్టుకెక్కని వాదం వంటింట్లో జరుగుతుంది. తల్లి తన పిల్లకు తన కష్టం రాకూడదంటుంది. అమ్మమ్మ తన భాష తనతో పోకూడదంటుంది. ఇద్దరిలో ఎవరిది తప్పని చెప్పగలం?

*

హక్కుల విషయంలో రెండు దేశాలకూ పోలిక ఉంది. స్లోవాకియాలో ఒక ఊళ్లో అల్పసంఖ్యాకులు నూటికి 20 ఉంటే కచ్చేరీలో తమ భాష వాడుకోవచ్చని 1999లో చట్టం చేశారు. 2009లో ప్రభుత్వభాషా చట్టాన్ని బిగించి జరిమానాలు పెట్టినప్పుడు పెద్ద గొడవైంది. 2011లో ఆ 20ని 15కు తగ్గించారు, వరుసగా రెండు జనాభా లెక్కల్లో ఉండాలన్న షరతుతో. మన దేశంలో 1961నాటి ముఖ్యమంత్రుల సమావేశం కూడా, నూటికి 15 ఉన్నచోట సర్కారు ప్రకటనలు ఆ భాషలో వెయ్యాలని తీర్మానించింది. ప్రాథమిక విద్య మాతృభాషలో అందాలన్న 350ఎ అధికరణం 1956నుంచీ రాజ్యాంగంలో ఉంది. తరగతికి పదిమందో, బడికి నలభైమందో ఉంటే అయ్యవారిని వెయ్యాలన్న నియమం అంతకంటే పాతది. కాగితం మీద మనం వాళ్లకేమీ తీసిపోం.

తేడా ఇంకోచోట ఉంది. ఆ 4 లక్షల 22 వేలమందికి బ్రాతిస్లావాలో 1948నుంచి ఒక దినపత్రిక నడుస్తోంది. దాని పేరుకు 'కొత్త మాట' అని అర్థం. 1958లో మొదలైన ఒక సాహిత్య పత్రిక ఉంది. కొమార్నోలో 1952నుంచి ఒక నాటకశాల, 2004నుంచి ఒక విశ్వవిద్యాలయం ఉన్నాయి. 2011 లెక్కల ప్రకారం ఒక్క తమిళనాడులోనే తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షలకు పైన. అంటే వాళ్లకు పదింతలు. మనకేమున్నాయో ఈ పత్రిక పాఠకులకు నేను లెక్కచెప్పనక్కర్లేదు. వాళ్లవాటికి రెండు ప్రభుత్వాల డబ్బు అందుతుంది, అది నిజమే. అయితే డబ్బుతోపాటు తగాదా కూడా వస్తుంది. 2010లో హంగేరీ ప్రభుత్వం సరిహద్దు అవతలి హంగేరియన్‌లకు పౌరసత్వం ఇస్తానంది. వెంటనే స్లోవాకియా, ఇంకో దేశపు పౌరసత్వం పుచ్చుకుంటే మాది పోతుందని చట్టం చేసింది. 2022లో దాన్ని కొంత సడలించారు. ఆ పాస్‌పోర్టు మీరు తీసుకున్నారా అని అడిగితే, "నాకు పింఛను ఇచ్చేది ఈ దేశం. నాకు జోలపాట ఇచ్చింది ఆ భాష. రెంటికీ ఒకే కాగితం కావాలంటే ఎక్కణ్ణించి తేను?" అంది.

మనకు ఆ బాధ లేదు. హొసూరునుంచి కుప్పం వెళ్లడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. అక్కడ 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, పుస్తకాలు తెచ్చుకోవచ్చు. మనల్ని పశువుల పెట్టెల్లో ఎవరూ ఎక్కించలేదు. 'మేము తెలుగువాళ్లం కాదు' అని కాగితం రాసివ్వమని ఎవరూ అడగలేదు. అడగకుండానే ఎన్ని ఇళ్లలో ఆ కాగితం రాసిచ్చేశారో తలచుకుంటే, ఆ అన్నదమ్ముల తగాదా కూడా ఒక రకం భాగ్యమే అనిపించింది. వాళ్లకు పోయేదేమిటో తెలిసి పోట్లాడుకున్నారు.

చివరగా కోటకు ఎక్కాం. 1811లో తగలబడి, నూటనలభై ఏళ్లు మొండిగోడలతో నిలబడి, 1953నుంచి మళ్లీ కట్టిన కోట. పైనుంచి చూస్తే డాన్యూబ్ అవతల పెట్ర్‌జల్కా, లక్షమందికి పైగా ఉండే అచ్చుగుద్దినట్టి కాంక్రీటు మేడలు. కుడివైపు ఆస్ట్రియా గాలిమరలు. గాలి తేటగా ఉంటే హంగేరీ కూడా కనబడుతుంది. మూడు దేశాలు ఒకే చూపులో. గైడమ్మ ఇల్లు ఆ మేడల్లోనే ఉందట. "హంగేరీవాళ్లు ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా ఏడుస్తారు, అంతా పోయిందని," అంది. "నేను చెబుతాను, పోలేదు, ఇదిగో ఉంది. నేనూ ఇక్కడే ఉన్నాను. మీతో మీ భాషలోనే మాట్లాడుతున్నాను కదా అని."

మూడు గంటల బేరం అయిదు గంటలయింది. ఎక్కువ సొమ్ము ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఈ పత్రిక పాత సంచిక ఒకటి నా సంచిలో ఉంటే తీసి చూపించాను. అక్షరాల మీద వేలు పెట్టి, "ఇవన్నీ గుండ్రంగా ఉన్నాయే, మా కిఫ్లిలాగా!" అంది. ఉంచుకోమన్నాను. పెద్ద అట్ట ఉన్న తన పుస్తకంలో మడత పడకుండా పెట్టుకుంది.

తిరుగు రైల్లో మనవరాలు ఆ వంకీ రొట్టె మిగిలింది తింటూ, తన పేరు ఎలా రాస్తారో చూపించమంది. మాట్లాడటం వచ్చు గాని దానికి తెలుగు రాయడం రాదు. టిక్కెట్టు వెనకాల రాసి చూపించాను. వియన్నా వచ్చేలోపల నాలుగుసార్లు రాసింది. మొదటి మూడుసార్లు తలకట్టు మరిచిపోయింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఒక కాగితం రాసి ఫొటో తీసి పంపుతోంది, కిందటివారం ఏడు వాక్యాలు. అందులో రెండు తప్పులు నేను దిద్దాను. మూడోదాన్ని దిద్దలేదు, అది తప్పు కాదు, మా హొసూరు మాట.